పేదరికం తగ్గిందంటే, ఏ కొలతతో?

సంపాదకులకు,

ఆంధ్రప్రదేశ్‌లో పేదలు 6.06 శాతమేనన్న నీతి ఆయోగ్ అంకెను ఇప్పటి పరిస్థితిగా చూపడం సరికాదు. దానికి ఆధారమైన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన రాష్ట్రంలో 2019లోనే, కరోనాకు ముందే పూర్తయింది. పైగా 2022లో నంద్యాల, శ్రీ సత్యసాయి జిల్లాలు విడిపోయాయి. పాత కర్నూలు, అనంతపురం అంకెలను ఇప్పటి జిల్లాలకు అంటగట్టలేం.

నీతి ఆయోగ్ లెక్కలో ఆదాయం అనే మాటే లేదు. 12 అంశాలు చూస్తారు. పోషణ లోపానికి ఆరో వంతు. వంట ఇంధనం, మరుగుదొడ్డి, ఇల్లు, బ్యాంకు ఖాతా లాంటి ఏడింటికి తలా 21వ వంతు. లేమి మొత్తం మూడో వంతుకు చేరితేనే పేద కుటుంబం. ఇంట్లో బిడ్డకు పోషణ లేదు, పొయ్యి కట్టెలది, మరుగుదొడ్డి లేదు, నేల మట్టిది, ఖాతా లేదు అనుకుందాం. మొత్తం 35.7 శాతం, కాబట్టి పేదలే. ఖాతా ఒక్కటి తెరిస్తే 31కి దిగి జాబితా దాటిపోతారు. కూలి ఒక్క రూపాయి పెరగలేదు, బిడ్డ బక్కగానే ఉంది.

పేదరికాన్ని ఇంటి ఖర్చుతో కొలిచే సర్వేలకు వేరే చిక్కు. 2011-12లో అన్నింటినీ 30 రోజులకు అడిగితే దేశం మొత్తం మీద పల్లెల్లో మనిషికి నెల ఖర్చు సుమారు 1,280 రూపాయలు వచ్చింది. అదే ఏడాది నూనె, కూరగాయలు, గుడ్లు 7 రోజులకు, బట్టలు, చెప్పులు ఏడాదికి అడిగితే 1,430 తేలింది. టెండూల్కర్ కమిటీ పేదరిక గీత ఈ కొత్త పద్ధతికి గీసింది కాదు. కొత్త ఖర్చును ఆ గీత పక్కన పెడితే ఎవరూ బాగుపడకున్నా పేదలు తగ్గినట్టే ఉంటుంది. ఇంకో మాట: నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి ఆసుపత్రికి కట్టిన లక్ష కూడా ఖర్చే. సర్వే కంటికి ఆ ఇల్లు ఆ ఏడాది మెరుగుపడింది!

మా ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకు ఇంటిల్లిపాదీ సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. ఆ నెలల్లో వచ్చిన సర్వేయరుకు తాళాలే కనిపిస్తాయి. ఆ ఇంటి బదులు మరో ఇంటిని తీసుకుంటే ఊళ్లో మిగిలినవాళ్లే లెక్కకు వస్తారు. వాళ్లు కాస్త నిలదొక్కుకున్నవాళ్లు.

కలిగినవాళ్లు పేదలకు చేయూతనిచ్చేలా 2025 ఉగాదినాడు మొదలైన రాష్ట్ర పథకం పీ4లో సాయం అందాల్సిన ఇళ్లను, అంటే బంగారు కుటుంబాలను, ఎంపిక చేస్తున్నారు గనుక ఇప్పుడే ఒక ఏర్పాటు చేయాలి. ఎంపికైన ఇళ్లలో కొన్నింటిని చీటీ తీసి, అవే ఇళ్లను ఏడాదికి రెండుసార్లు, ఒకసారి సుగ్గి రోజుల్లో, ఒకసారి వేరుశనగ చేతికొచ్చాక, అవే ప్రశ్నలతో అడగాలి. అప్పును, దాని వడ్డీని ఖర్చుతో కలపకుండా విడిగా రాయాలి. వలస పోయినవాళ్లను ఫోన్లోనైనా పట్టుకోవాలి. అంతే దిగువన ఉండి ఎంపిక కాని ఇళ్లను కూడా పక్కన పెట్టుకుని చూడాలి. లేకపోతే వాన బాగా పడిన ఏడాది వేరుశనగ తెచ్చిన డబ్బు పథకం ఖాతాలో పడుతుంది, ఎండిన ఏడాది నష్టమూ దాని మీదికే పోతుంది.

– గణాంకశాస్త్ర అధ్యాపకుడు, ఆదోని, కర్నూలు జిల్లా