చుక్కల చేపకు పగడం ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

పగడపు దిబ్బల మీద ఏ వ్యాసం వచ్చినా ఎర్రటి ఒంటి నిండా నీలి చుక్కలున్న చేప బొమ్మ ఒకటి కనిపిస్తుంది. అది కోరల్ ట్రౌట్. పేరుకే ట్రౌట్ అనే మంచినీటి చేప, నిజానికి సముద్రంలో ఉండే గ్రూపర్ అనే వేటచేపల కుటుంబానిది. శాస్త్రీయ నామం ప్లెక్ట్రోపోమస్ లెపార్డస్. చుక్కల వల్లే చిరుత పేరు వచ్చింది. బొమ్మ బాగానే ఉంటుంది. ‘పగడాలు బతికితే ఈ చేప బతుకుతుంది’ అనే మాట మాత్రం సగమే నిజం. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో దీని బతుకు చూస్తే మిగతా సగం తెలుస్తుంది.

గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు సుమారు నాలుగు వారాలు నీటివాలున తిరిగి, రెండు సెంటీమీటర్ల సైజులో దిబ్బ చేరతాయి. దిగేది అందమైన పగడాల మధ్యకు కాదు, విరిగిన పగడపు ముక్కలూ ఇసుకా కలిసిన చోటికి. ఆ సందుల్లో దాక్కుని చిన్న రొయ్యల్ని తిని పెరుగుతాయి. ఫొటోకు పనికిరాదని మనం వదిలేసే ఆ చెత్తకుప్పే వాటికి పురిటిల్లు.

పెద్దయ్యాక తిండి ఎక్కువగా చేపలే. తరిమిన చేప పగడపు సందులోకి దూరితే ట్రౌట్ లోపలికి పోలేదు. అప్పుడది సరిగ్గా ఆ సందు పైన తలకిందులుగా నిలబడి ఒళ్లు జాడిస్తుంది. అది చూసి ఆక్టోపస్ వచ్చి సందులోకి చేతులు జొనుపుతుంది. బయటికి ఉరికితే ట్రౌట్‌కి, లోపలే ఉంటే ఆక్టోపస్‌కి. ఈ సైగ గురించి పరిశోధకులు 2013లో ప్రచురించారు. అంటే ఈ చేపకు సందులూ కావాలి, సందుల్లో చెయ్యి పెట్టే తోడూ కావాలి.

ఇక అమావాస్య సంగతి. ఏటా వసంతంలో (అక్కడ అది సెప్టెంబరు తర్వాత) అమావాస్య రోజుల్లో ఇవి దిబ్బ మీద కొన్ని ఖాయమైన చోట్లకు చేరతాయి. పొద్దు గుంకే వేళ జంటగా పైకి దూసుకెళ్లి గుడ్లూ వీర్యమూ వదులుతాయి. ఆ చోటు తెలిసిన పడవకు శ్రమే లేదు. అందుకే ఈ రీఫ్ ఉన్న క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో అక్టోబరు, నవంబరు అమావాస్యల చుట్టూ ఐదేసి రోజులు దిబ్బ చేపల వేట నిషేధం. చేప పంచాంగం చూసి రాసిన చట్టం కాబట్టే నాకు అన్నిటికంటే ఇదే నచ్చుతుంది.

38 సెంటీమీటర్ల కనీస సైజు నిబంధన కూడా ఉంది. కనీసం ఒక్కసారి గుడ్లు పెట్టనిద్దామన్నది దాని ఉద్దేశం. కానీ ఇది మొదట ఆడగా ఎదిగి తర్వాత మగగా మారే జాతి. పెద్దవాటిలో మగవే ఎక్కువ. చిన్నవి వదిలేసి పెద్దవే ఏరుకుంటే కోత పడేది మగవాటి మీద. సైజు నియమం ఒక్కటే దీన్ని సరిచేయలేదు.

సైజు చాలని చేపను తిరిగి నీళ్లలో వదిలేయడంలోనూ మెలకువ కావాలి. లోతు నుంచి లాగిన చేపకు గాలితిత్తి (నీళ్లలో తేలడానికి ఒంట్లో ఉండే గాలి సంచి) ఉబ్బి, కడుపు నోట్లోకి తోసుకొస్తుంది. అదే గాలితిత్తి అనుకుని పొడిచేవాళ్లున్నారు. పొడిస్తే చిల్లు పడేది కడుపుకి. తడి చేతులతో పట్టుకుని, బరువు కట్టిన విడుదల కొక్కెంతో లోతుకు దించితే గాలి మళ్లీ కుదించుకుంటుంది. పైనే వదిలితే తేలుతూ షార్కు పాలవుతుంది.

వేట నిషేధిత దిబ్బల వల్ల జాలర్లకు నష్టమనేవాళ్లు ఇదే రీఫ్‌లోని కెప్పెల్ దీవుల లెక్క చూడాలి. దీని దగ్గరి బంధువు బార్‌చీక్ ట్రౌట్ మీద 2012లో వచ్చిన జన్యు అధ్యయనం ప్రకారం, 28 శాతం విస్తీర్ణమున్న నిషేధిత దిబ్బలు చుట్టుపక్కల 30 కిలోమీటర్లలో చేరిన పిల్లల్లో దాదాపు సగాన్ని అందించాయి. వేట సాగే దిబ్బలకూ అందులో వాటా దక్కింది.

ఈసారి బొమ్మ వేసేముందు తల మీది చుక్కలు చూడండి. చిన్నగా, గుండ్రంగా ఉంటే లెపార్డస్. అడ్డంగా సాగి గీతల్లా ఉంటే అది బార్‌చీక్, పేరు మార్చాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు