ఐదు ఫిర్యాదు సంఖ్యలిచ్చారు, ఒక్క జవాబివ్వలేదు

హైదరాబాద్,
10 నవంబరు 2025

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: సెప్టెంబరు 8 నుంచి నేటివరకు నా ఫిర్యాదుపై మీ సంస్థ వహిస్తున్న మౌనం గురించి.

ఆర్యా,

మీరు పంపిన నాలుగు టైర్లలో రెండు పాతవి రావడం పొరపాటు. గోదాముల్లో ఇలాంటివి జరుగుతాయని ఒప్పుకునేంత వయసూ ఓపికా నాకున్నాయి. కాని ఆ సంగతి చెప్పిన మనిషిని రెండు నెలలపాటు ఒక గుమ్మం నుంచి మరో గుమ్మానికి తిప్పి, ప్రతి గుమ్మంలోనూ ఒక కొత్త సంఖ్య చేతిలో పెట్టి పంపించడాన్ని పొరపాటు అనలేను. అందుకే ఈ ఉత్తరం.

మా నాన్నగారు సూర్యాపేటలో లారీ నడిపేవారు. విజయవాడ రహదారి మీద ఇరవై రెండేళ్లు తిరిగిన ఆ లారీకి మీ టైర్లు తప్ప వేరేవి ఎక్కలేదు. అరిగిన టైరుకు కొత్త రబ్బరు వేసే రీట్రెడింగ్‌కు ఇచ్చినప్పుడు కూడా కేసింగ్, అంటే అడుగునున్న పాత టైరు, మీ కంపెనీదేనా కాదా అని తడిమి చూసుకున్నాకే డబ్బులు లెక్కపెట్టేవారు. నేను కొన్న మూడు కార్లకూ అదే ఆనవాయితీ సాగింది. ఇదంతా మీ రికార్డుల్లో ఉండదని తెలుసు. ఉన్న ఫిర్యాదులే కనిపించని చోట మా నాన్నగారి లారీ కనిపిస్తుందని ఆశించడం అత్యాశే.

ఈ కథ నిజానికి కొనకముందే మొదలైంది. నా కారు వారానికి ఐదు రోజులు నిజాంపేట నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకు వెళ్తుంది, ఆదివారం తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతుంది, ఏడాదికి రెండుసార్లు చెన్నై దాటి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీదికి వెళ్తుంది. ట్రాక్ మీద బాగా పట్టే మెత్తటి రబ్బరు రోడ్డు మీద తొందరగా అరిగిపోతుందనీ, గాడులు తక్కువగా ఉన్న టైరు ఫ్లైఓవర్ కింద నిలిచిన వాననీటిలో తేలిపోతుందనీ నాకు తెలుసు. టైరు మీద అచ్చువేసే ట్రెడ్‌వేర్ (అరుగుదలను తట్టుకునే గుణం) అంకె 200 దగ్గర ఉంటే ట్రాక్ వైపు, 300 దాటితే రోజువారీ వాడకం వైపు మొగ్గుతుందనీ తెలుసు. అయితే ఆ అంకెను ఏ కంపెనీకి ఆ కంపెనీ తన పరీక్షలను బట్టి తానే ఇచ్చుకుంటుంది కాబట్టి, ఒకరి 200ను మరొకరి 200తో పోల్చి నిర్ణయించుకోవడం కుదరదు. అందుకే మిమ్మల్నే అడిగాను: మీ రెండు మోడళ్లలో నాలాంటి వాడకానికి ఏది సరిపోతుంది, ట్రాక్ మీద వేడెక్కాక గాలి పీడనం పెరుగుతుంది కనుక బయలుదేరే ముందు ఎంతకు తగ్గించుకోవాలి? ఆగస్టు మొదటి వారంలో పంపిన ఆ ఈమెయిలుకు ఈరోజు వరకు జవాబు రాలేదు.

ఫోన్ చేస్తే తెలుగు కోసం నాలుగు నొక్కమన్నారు. నాలుగు నొక్కాను, హిందీ వినిపించింది. మొదటి ఉద్యోగి మా టైర్లన్నీ రోడ్డు మీద నడిచేవేనని హామీ ఇచ్చాడు. రోడ్డు మీద నడవని టైరు ఎలా ఉంటుందో అడిగే అవకాశం ఇవ్వకుండా ఫోన్ పెట్టేశాడు. రెండో ఉద్యోగిని ఎంతో మర్యాదగా అంతా విని, అర నిమిషం ఆగి, "ట్రాక్ అంటే రైల్వే ట్రాకా సార్?" అని అడిగింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. తెలియనిది అడగడంలో తప్పు లేదు. తప్పు ఆమెను ఆ కుర్చీలో కూర్చోబెట్టి ఏమీ నేర్పనివాళ్లది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు దారి మళ్లింపుల్లో చిక్కుకున్న ఆటోవాళ్లకు కూడా ఈ ఊళ్లో ట్రాక్ అనే మాటకు అర్థం తెలుసు. మూడో ఉద్యోగి మాత్రం ఒక్క క్షణం ఆలోచించకుండా ఖరీదైన మోడల్ పేరు చెప్పి, రెండింటికీ అదే బాగుంటుందన్నాడు. ఎందుకు బాగుంటుందని అడిగితే, "అందరూ అదే తీసుకుంటున్నారు సార్" అన్నాడు.

నేనూ అదే తీసుకున్నాను. ఆగస్టు 30న మీ వెబ్‌సైటులోనే డబ్బు కట్టాను. సెప్టెంబరు 6న కూకట్‌పల్లిలోని మీ అధీకృత డీలరు దగ్గర బిగించారు. మరునాడు ఉదయం పార్కింగ్‌లో కారు కడుగుతూ, అలవాటు కొద్దీ ఫోన్ టార్చి వేసి తయారీ తేదీలు చూశాను. సైడ్‌వాల్ (టైరు పక్కభాగం) మీద అండాకారపు గడిలో నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. ముందు టైర్లకు 1925 అని ఎదురుగానే కనిపించింది. వెనక టైర్లకు బయటివైపు ఆ గడే లేదు. తేదీ ఒక పక్కనే అచ్చువేస్తారు, ఆ పక్క లోపలికి పోయింది. వెల్లకిలా పడుకుని, తడి చొక్కాతో కారు కిందికి దూరి చూస్తే 2623. అంటే 2023 జూన్ చివర్లో తయారైనవి. నేను కొనేనాటికే వాటికి రెండేళ్లు దాటాయి. రెండేళ్ల టైరు పనికిరాదని నేను అనడం లేదు. నీడపట్టున సరిగ్గా నిల్వ చేస్తే బాగానే ఉంటుంది. కాని కొత్తవాటి ధర పుచ్చుకున్నప్పుడు కొత్తవే ఇవ్వాలి. పైగా, పందెపు వేగంతో మలుపు తిరిగేటప్పుడు ముందు టైర్లకు ఒక పట్టు, వెనక టైర్లకు ఒక పట్టు ఉంటే కారు వెనకభాగం ఎటు జారుతుందో ఊహించలేం.

డీలరును అడిగితే, "కంపెనీ ఏది పంపితే అది బిగిస్తాం, మాకు సంబంధం లేదు" అన్నాడు. సెప్టెంబరు 8న మీకు ఫోన్ చేస్తే, "బిగించే ముందు చూసుకోవాల్సింది డీలరే" అన్నారు. మొదటి సంఖ్య ఆ రోజు ఇచ్చారు, 48 గంటల్లో ఇంజనీరు వస్తాడన్నారు. మొదటిసారి ఆఫీసుకు సెలవు పెట్టి సాయంత్రం దాకా కూర్చున్నాను, ఎవరూ రాలేదు. రెండోసారి వస్తున్నానని ఫోన్ చేసిన ఇంజనీరు సికింద్రాబాద్‌లో ఎవరి కారునో చూసి, అది నాది కాదని తెలుసుకుని వెళ్లిపోయాడు. సెప్టెంబరు 18న నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది: "మీ ఫిర్యాదు సంతృప్తికరంగా పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు?" ఎవరి సంతృప్తో అందులో రాయలేదు.

అదేరోజు రెండో సంఖ్య వచ్చింది. మొదటి సంఖ్య మూసేశారు కాబట్టి ఫోటోలు మళ్లీ పంపమన్నారు, పంపాను. వారం తర్వాత ఫోటోలు మసకగా ఉన్నాయంటూ మూడో సంఖ్య తెరిచారు. కారు కింద వెల్లకిలా పడుకుని తీసిన ఫోటో పెళ్లి ఫోటోలా రాదని మనవి చేసుకుంటూ, మెకానిక్ దగ్గర చక్రాలు విప్పించి నాలుగింటికీ తీయించి పంపాను. ఈలోగా సెప్టెంబరు చివరి వారంలో డబ్బు కట్టి ఉంచుకున్న ట్రాక్ డే, అంటే మా కార్లను రేసు ట్రాక్ మీద నడుపుకునే రోజు, దాటిపోయింది. స్నేహితులు ఆరు వందల కిలోమీటర్లు దాటి వెళ్లి వచ్చారు. నేను ఇంట్లో కూర్చుని "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అనే పాట విన్నాను. అక్టోబరు 6న ఇది డీలర్ల విభాగం చూడాల్సిన పని అన్నారు, నాలుగో సంఖ్య ఇచ్చారు. ఆ విభాగంవారు అంతా విని చివరికి, ట్రాక్ మీద వాడితే వారంటీ వర్తించదని చెప్పారు. ఆ టైర్లు ఇప్పటికీ ట్రాక్ మొహం చూడలేదని ఎంత చెప్పినా, "మీరే ట్రాక్ అన్నారు కదా సార్" అన్నారు. అక్టోబరు 27న ఐదో సంఖ్య. ఈసారి కారణం కూడా చెప్పలేదు.

మీ వెబ్‌సైటులో ఫిర్యాదుల అధికారి పేరూ ఫోన్ నంబరూ ఉన్నాయి. ఆ నంబరుకు చేస్తే మళ్లీ అదే పాట, అదే నాలుగు నొక్కడం. ఈ-కామర్స్‌కు సంబంధించి 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ నియమాల ప్రకారం, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మొదటి నియమాన్ని మీరు తుచ తప్పకుండా పాటించారు. 48 గంటలెందుకు, సంఖ్యలతో సందేశాలు నిమిషంలోపే వచ్చాయి. రెండోదాని దగ్గరే మీ ఓపిక అయిపోయినట్టుంది.

నేను అడుగుతున్నది పెద్ద విషయమేమీ కాదు. ఆ రెండు టైర్లు మార్చితే మార్చండి, లేదా వాటి డబ్బు తిరిగి ఇవ్వండి, వెళ్లలేకపోయిన ట్రాక్ డే రుసుము సంగతి మీ మనస్సాక్షికే వదిలేస్తాను. అన్నింటికన్నా ముందు, నా ఐదు సంఖ్యల్నీ ఒకచోట పెట్టుకుని చదివిన మనిషి ఒకరు, పేరు చెప్పి, తెలుగులో నాతో మాట్లాడాలి. ఆగస్టులో నేను పంపిన ప్రశ్నకు జవాబు కూడా ఆ మనిషే చెబితే సంతోషిస్తాను. ఇప్పటికీ ఆ జవాబు తెలియకుండానే టైర్లు వేసుకుని తిరుగుతున్నాను.

పదిహేను రోజులు చూస్తాను. అప్పటికీ ఎవరూ పలకకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉందని మా తోడల్లుడు చెప్పాడు, ఆయన వకీలు, ఈమధ్య కొంచెం ఖాళీగా కూడా ఉన్నాడు. మాతోపాటు చెన్నై వెళ్లే పద్నాలుగు కార్లవాళ్లూ ఈ ఉత్తరం చదివారు. వచ్చే ఏడాది వారిలో తొమ్మిది మందికి టైర్లు మార్చే సమయం వస్తుంది. సూర్యాపేటలో మా నాన్నగారికి మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెబితే మీ తరఫునే మాట్లాడతారు, అది భరించలేను.

బిల్లు నకలు, నాలుగు టైర్ల ఫోటోలు (మసక లేనివి), మీరిచ్చిన ఐదు సంఖ్యలు జతచేస్తున్నాను. దయచేసి ఆరోది పంపకండి.

ఇట్లు,
నిజాంపేట వాసి, మీ పాత వినియోగదారుడు