స్కాన్ కాపీలన్నీ డేటాబేస్‌లో కుక్కొద్దు

సంపాదకులకు,

పాత కాగితాలు స్కాన్ చేయిస్తున్న చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులకూ, మన సహకార సంఘాలకూ ఒక మాట. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఫైళ్లు దాచే బ్లాబ్ కాలమ్‌లో ఒక్కో ఫైలుకు పట్టేది 65,535 బైట్లే. సరిపడని డేటాను తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంటే, అంతకు మించిన ఫొటో సగానికి తెగిపోయి చేరుతుంది. తెరిచి చూసేదాకా ఎవరికీ తెలియదు. దానికన్నా పెద్ద రకమైన మీడియంబ్లాబ్ 16 ఎంబీ దాకా పడుతుంది గానీ రోజువారీ బ్యాకప్ ఉబ్బిపోతుంది. మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022 ఎక్స్‌ప్రెస్‌లో అయితే ఒక్కో డేటాబేస్ 10 జీబీకే ఆగిపోతుంది.

సంతకాలు, చిన్న ఫొటోలు లోపలే ఉంచొచ్చు. పెద్ద పీడీఎఫ్‌లు ఫోల్డర్‌లో పెట్టి, డేటాబేస్‌లో వాటి దారి (ఫైలు ఎక్కడుందో), సైజు, షా-256 విలువ (ఫైలు మారితే పట్టించే గుర్తు) రాసుకుంటే చాలు. ఫైలుకు రైతు పేరు పెట్టొద్దు (ఊరికి ఎంతమంది వెంకటేశ్వర్లు!), రికార్డు నంబరు పెట్టండి. ముందు ఫైలు రాసి, తర్వాతే డేటాబేస్‌లో నమోదు చేయాలి. బ్యాకప్ మాత్రం దీనికి తిరగేసి: డేటాబేస్ ముందు, ఫోల్డర్ తర్వాత. లేకపోతే నమోదు ఉంటుంది, కాగితం ఉండదు.

– ఒక డేటాబేస్ నిర్వాహకుడు, ఒంగోలు