కంటి పరీక్ష తేదీ రాయడానికి అంత బరువా?

సంపాదకుడికి,

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డులకు కొత్త వార్మర్లు, వెంటిలేటర్లు వచ్చాయని పోయిన వారం మీరు వేసిన వార్త చదివాను. సంతోషం. ఫొటోలో రిబ్బన్ చుట్టూ నాయకులు కిక్కిరిసి ఉన్నారు. నర్సు మాత్రం ఒక్కరూ కనబడలేదు.

ప్రాణం నిలిపారు సరే, కళ్ల సంగతేమిటి? ఎవరూ చెప్పలేదు, మీ విలేకరీ అడగలేదు. నెల తక్కువ పిల్లలకు రెటీనాలో, అంటే కంటి వెనక పొరలో, రక్తనాళాలు పూర్తిగా ఎదగవు. ఆక్సిజన్ మీద నిఘా లేకపోతే ముప్పు ఇంకా పెరుగుతుంది. నాళాలు అడ్డదిడ్డంగా పెరిగి రెటీనాను ఊడలాగేస్తాయి. ఈ జబ్బునే ఆర్‌ఓపీ (రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ) అంటారు. పైకి చూస్తే ఏమీ తెలియదు. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా నెల తిరక్కుండా కంటి డాక్టరు చూడాలి. మరీ చిన్న పిల్లలకైతే ఇంకా ముందే. టైముకు పట్టుకుంటే లేజర్‌తో చాలామందికి చూపు దక్కుతుంది. హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1990ల చివరి నుంచీ ఈ మాటే మొత్తుకుంటున్నారు.

చెన్నై ఎగ్మూరు ప్రభుత్వాసుపత్రిలో 1996 ఆగస్టులో ఓ పాప 29 వారాలకే, 1,250 గ్రాములతో పుట్టింది. బతికించారు, ఇంటికి పంపారు. కళ్లు చూడలేదు, చూపించుకోమనీ చెప్పలేదు. చూపు పోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ 2009లో 5 లక్షలిమ్మంది. 2015లో సుప్రీంకోర్టు దాన్ని సుమారు కోటి 80 లక్షలు చేసింది. అప్పటికి ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్లు దాటాయి. 2019లో ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రికీ ఇలాంటి కేసులోనే 76 లక్షలు పడింది. ఇంత జరిగాక కూడా మనవాళ్లకు చీమ కుట్టినట్టయినా లేదు.

మా బంధువులబ్బాయి ఏడో నెలలో ఇక్కడి ఒక నర్సింగ్‌హోంలో పుట్టాడు. డిశ్చార్జి కాగితాలు చూశాను. బిల్లులో దూదికి, గ్లౌజులకు కూడా లెక్క ఉంది. కంటి పరీక్ష మాట ఆఖరి పేజీ అడుగున, రబ్బరు స్టాంపు సగం కప్పేసిన చోట, ఇంగ్లిష్ పొడి అక్షరాల్లో ఉంది. తేదీ లేదు. తల్లి పదో తరగతి, తెలుగు మీడియం. అడిగితే "అది అందరికీ రాస్తామండీ, టెన్షన్ పడకండి" అన్నారు. మేనమామ మెడికల్ రెప్ కాబట్టి వాణ్ణి టైముకు చూపించారు. మేనమామలు లేనివాళ్లేం కావాలి?

2015లో గుంటూరు పెద్దాసుపత్రిలో పసికందును ఎలుకలు కొరికి చంపితే సస్పెన్షన్లు, పరామర్శలు చూశాం. 2021లో మహారాష్ట్రలోని భండారాలో, 2024లో ఝాన్సీలో శిశువుల వార్డులు తగలబడితే మళ్లీ విచారణలు, నష్టపరిహారాలు. ఎలుకలకీ మంటలకీ అయితే కెమెరాలొస్తాయి. చూపు పోతే కమిటీ కూడా పడదు. మన జిల్లా అధికారులకు వీడియో కాన్ఫరెన్సుల నుంచి తీరిక దొరికితే కదా నర్సింగ్‌హోంల తనిఖీకి వెళ్లడానికి!

అడిగేది పెద్ద పనేం కాదు. డిశ్చార్జి కాగితం మొదటి పేజీ మీద తెలుగులో, "ఫలానా తేదీ లోపు కళ్లు చూపించాలి" అని రాసి, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. జిల్లా వైద్యాధికారి ఒక్క సర్క్యులర్ ఇస్తే చాలు. చేత్తో రాయడం కష్టమంటే తెలుగు స్టాంపు ఒకటి చేయించుకోవచ్చు. దానికి నిధులు లేవంటే ఆ డబ్బు నేనే పంపిస్తాను.

— ఒక రిటైర్డ్ టీచరు, తెనాలి