తాతయ్య ఫ్రీజర్‌లో దాచిన జున్నుపాలు

బంగారం,

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. "తాతయ్య నా గ్రాడ్యుయేషన్‌కి కూడా రాలేదమ్మా" అన్నావు. తాతయ్య పోయారని పేపర్‌లో మనం వేయించిన ప్రకటనలో పాడి రైతు, తండ్రి అని రెండు ముక్కలు రాసి ఊరుకున్నాం. మిగతాది నీకు నేనే చెప్పాలి.

ఆయన రాకపోవడానికి కారణం ఆవులే. అరవై హోల్‌స్టీన్ ఆవులను పండగైనా, ఇంట్లో చావైనా, పొద్దున నాలుగున్నరకి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకి ఒకసారి పితికి తీరాలి. ఒక్క పూట తప్పినా పొదుగులు రాయిలా గట్టిపడి బాధతో అరుస్తాయి, పొదుగువాపు వచ్చే ప్రమాదం కూడా ఉంది. నీ గ్రాడ్యుయేషన్ వారంలోనే పనికి వచ్చే కుర్రాడు చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నువ్వు టెన్షన్ పడతావని ఆ సంగతి నీకు చెప్పలేదు, ఇప్పుడనిపిస్తోంది చెప్పాల్సిందని. ఆ రోజు తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వంటింట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, వాళ్లు నీ పేరు పిలిచేదాకా చూసి, అప్పుడు బట్టలు మార్చుకుని కొట్టంలోకి వెళ్లారు.

కెనడాలో మన సస్కచెవాన్‌లో వేసవికోసారి, చలికోసారి గడియారాలు తిప్పరు కదా, అదంటే ఆయనకెంత ఇష్టమో! ఆవుకి గడియారం మార్చడం ఎవరు నేర్పుతారు అనేవారు.

ఆయన చిన్నప్పుడు ఇంట్లో పది ఆవులే, లాంతరు వెలుగులో చేత్తో పితికి, మీగడ తీసి, డబ్బాల్లో పోసి రైలుకి ఎక్కించేవాళ్లట. ఊళ్లకి కరెంటు ఇవ్వడానికి 1949లో ఇక్కడ చట్టం వచ్చాక, ఆయనకి పదమూడేళ్లప్పుడు మన పొలానికీ లైను వేశారు. ఆ రాత్రి వాళ్ల అమ్మ వాకిట్లో దీపం కింద నిలబడి ఏడ్చిందని నాకు నాలుగైదుసార్లయినా చెప్పుంటారు.

2003 మేలో అల్బర్టాలో ఒక ఆవుకి పిచ్చి ఆవు జబ్బు ఉందని తేలి, కెనడా పశువులకి, మాంసానికి అమెరికా సరిహద్దు మూసేసింది. నీకప్పుడు అయిదేళ్లు. పాలకి కోటా, అంటే ఎన్ని పాలు అమ్ముకోవచ్చో ముందే ఖాయం చేసిన వాటా, ఉంది కాబట్టి రోజుకి ఇన్ని కిలోల పాలకొవ్వు అని లెక్కకట్టి ఇచ్చే డబ్బు ఆగలేదు, కానీ వట్టిపోయిన ఆవుని అమ్మితే ఆ ఏడు మాకు లారీ కిరాయి కూడా రాలేదు. తాతయ్య రాత్రిపూట బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద అవే అంకెలు మళ్లీ మళ్లీ వేసేవారు. మాతో మాత్రం ఒక్క మాట అనలేదు. అది మంచి పనని నేననుకోను. మాతో పంచుకోవాల్సింది.

నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాది ఒక ఆవు ఈనితే జున్నుపాలు అడిగాను. ఆయన ఆశ్చర్యపోయి, అవి దూడ తాగేవి కదమ్మా అన్నారు. దూడ తాగాక మిగిలినవే ఇవ్వండన్నాను. మా అమ్మ పంపిన బెల్లం, మిరియాలు, ఏలకులు వేసి ఆవిరి మీద ఉడికించి పెట్టాను. మాట్లాడకుండా రెండుసార్లు పెట్టించుకుని, మర్నాడు పొద్దున పాలు పితికొచ్చి, ఇంకా ఉందా అని అడిగారు. అప్పట్నుంచి ఆవు ఈనిన ప్రతిసారీ దూడ కడుపు నిండాక నాకోసం ఒక సీసా. దూడ వాటా విషయంలో మాత్రం నన్ను కూడా నమ్మేవారు కాదు.

నువ్వు పుట్టింది జనవరిలో, బయట మైనస్ 40. ఆ తెల్లవారుజామునే ఒక దూడ పుడితే, దాని చెవులు గడ్డకట్టకుండా వంటింట్లోకి తెచ్చి తువ్వాలుతో తుడిచి, మధ్యాహ్నం రోస్థర్న్ నుంచి సస్కటూన్ ఆసుపత్రికి మంచులో కారు నడుపుకుంటూ వచ్చారు. మళ్లీ సాయంత్రం పాలవేళకి వెళ్లిపోవాలి. ఉన్నది ఇరవై నిమిషాలు. నర్సు అడక్కుండానే మూడుసార్లు చేతులు కడుక్కుని నిన్నెత్తుకున్నారు, అయినా చేతులకి పాల వాసన పోలేదు.

కిందటి అక్టోబర్‌లో మందని, కోటాని అమ్మేశాం. మీ నాన్న బడి ఉద్యోగం వదిలి ఆ పని ఎత్తుకోలేకపోయారు, అందుకు ఆయన్ని ఏమీ అనకు, ఆయనే చాలా అనుకుంటున్నారు.

ఇవాళ తాతయ్య ఫ్రీజర్ సర్దుతుంటే అడుగున ఒక సీసా దొరికింది. మూత మీద ఆయన చేతిరాతతో కిందటి సెప్టెంబర్ తేదీ, కింద ఇంగ్లీషు అక్షరాల్లో జున్ను అని, పక్కన నీ పేరు. బెల్లం ఉంది, మిరియాలు ఉన్నాయి. వచ్చే నెల సెలవు దొరుకుతుందేమో అడుగు, నువ్వొచ్చేదాకా ఆ సీసా తీయను.

అమ్మ