కారు కొన్నారు సరే, పెట్టేదెక్కడ?

సంపాదకుడు గారికి,

2025 సెప్టెంబర్ 22న చిన్న కార్లపై జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గాక మా తిరుపతి వీధిలోకి రెండు కొత్త కార్లు వచ్చాయి. సంతోషమే. శ్రీసిటీలో ఇసుజు బండ్లు, చినపాండూరులో అపోలో టైర్లు, కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు, అన్నీ మన జిల్లాలోనే తయారవుతున్నాయి. గిరాకీ పెరిగితే మన ఐటీఐ పిల్లలకే పని. అదీ కాంట్రాక్టు ఉద్యోగం కాకుంటే!

అయితే ఆ కార్లు నిలిపేది మురుగు కాలువ బండల మీదే. మొన్న ఒక బండ విరిగి కారు చక్రం దిగబడింది. పాల ఆటో వెనక్కి పోలేక, ముందుకు రాలేక గంటసేపు ఆగింది. చివరికి ఎనిమిది మందిమి కలిసి ఎత్తాం. కొత్త ఇళ్లకు ప్లాన్ ఇచ్చేటప్పుడే కారు నిలిపే చోటు ఉందా లేదా అని అధికారులు చూడాలి.

– ఒక పాఠకుడు, తిరుపతి