రివాల్వరు గుర్తింపు నివేదికలో తప్పులపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

మేనేజరు గారికి,

విషయం: మా కుటుంబ రివాల్వరుపై మీరిచ్చిన నివేదికను రద్దుచేసి, సరైన నివేదిక ఇప్పించవలసిందిగా విన్నపం.

అయ్యా,

మా నాన్నగారు కిందటేడు కాలం చేశారు. ఆయన పేరున ఉన్న పాత రివాల్వరు లైసెన్సును నా పేరుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోగా, ఆయుధం ఏ రకానిదో తెలిసినవారి చేత రాయించి తెమ్మని కలెక్టరు కార్యాలయంలో చెప్పారు. మీ సంస్థకు 4,000 రూపాయల రుసుము కట్టాను. రివాల్వరు పోలీసు స్టేషనులో డిపాజిటులో ఉన్నందువల్ల, ఎస్సై గారి అనుమతి తీసుకుని అక్కడే ఫోటోలు తీయించి, ముద్రలు ఉన్న ప్రతిచోటా పల్చటి కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది, ఆ అచ్చులన్నీ రిజిస్టరు పోస్టులో మీకు పంపాను. నెలన్నర తరువాత మీ నుంచి ఒక్క పేజీ నివేదిక వచ్చింది.

అది మొదటి ప్రపంచ యుద్ధకాలపు వెబ్లీ మార్క్ సిక్స్ రివాల్వరని, తూటాలు పట్టే సిలిండరు మీది గాడులు స్థానికంగా ఎవరో చేసిన మార్పు అని, 'ఆర్మీ' అన్న పేరు చెక్కి ఉన్నందున సైన్యానికి చెందిన ఆస్తి కావచ్చునని అందులో రాశారు. ఈ మూడు మాటలూ తప్పే. చివరి రెండు మాటలైతే మూడు తరాలుగా లైసెన్సుతో, ఏ మచ్చా లేకుండా ఆయుధం ఉంచుకున్న మా ఇంటిమీద నింద వేసేవి.

మీరు స్థానిక మార్పు అన్న ఆ గాడులే ఈ రివాల్వరుకు ప్రాణం. ఇది వెబ్లీ-ఫాస్బెరీ ఆటోమేటిక్ రివాల్వరు. మన దేశంలో సైన్యంలో పనిచేసి, 1863లో వాయవ్య సరిహద్దులోని అంబేలా పోరాటంలో విక్టోరియా క్రాస్ అనే బ్రిటిష్ శౌర్య పతకం పొందిన జార్జ్ ఫాస్బెరీ రూపకల్పన ఇది; బర్మింగ్‌హామ్‌కు చెందిన వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ 1901లో దీనిని అమ్మకానికి తెచ్చింది. తూటా పేలినప్పుడు బ్యారెలూ సిలిండరూ కలిసి పిడి ఉన్న కింది ఫ్రేము మీద వెనక్కి జారతాయి. కింది ఫ్రేములో బిగించిన చిన్న ఉక్కు మేకు సిలిండరు మీది వంకర గాడిలో నడుస్తూ, వెనక్కి జారేటప్పుడు పన్నెండో వంతు, స్ప్రింగు బలంతో ముందుకు వచ్చేటప్పుడు మరో పన్నెండో వంతు సిలిండరును తిప్పుతుంది. దానితో ఆరు తూటాలలో తరువాతిది బ్యారెలుకు ఎదురుగా వచ్చి నిలుస్తుంది. ఈలోగా తూటాను పేల్చే సుత్తి కూడా దానంతట అదే ఎక్కి ఉంటుంది. మా ఊరి కొమ్ము పనివారి చేతి నేర్పు చిన్నప్పటి నుంచి చూస్తున్నవాడిని. ఎంతటి పనివాడైనా మామూలు రివాల్వరు సిలిండరు మీద ఇలా గాడులు చెక్కితే, వాటిలో నడిచే మేకూ, వెనక్కి జారే పైభాగమూ ఎక్కడినుంచి వస్తాయి? పైభాగం వెనక్కి జరిపి తీయించిన ఫోటో మీకు పంపిన కవరులోనే ఉంది. పిడికి ఎడమవైపున, పొరపాటున పేలకుండా ఆపే సేఫ్టీ మీట కూడా అందులో స్పష్టంగా కనిపిస్తుంది. మార్క్ సిక్స్‌కు అలాంటి సేఫ్టీ లేనే లేదు.

బ్యారెలు మీది పరీక్ష ముద్రలను మీరు చూడనే లేదని నా అనుమానం. కిరీటం, దాని కింద ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు రాజదండాలు, వాటి సందుల్లో అక్షరాలు పెన్సిలు అచ్చులో తేటగా పడ్డాయి. అది తుపాకులను పేల్చి పరీక్షించే బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904కు ముందు వాడిన ముద్ర. ఆ ఏడాది నిబంధనలు మారాక కిరీటం కింద బి.పి., బి.వి. వంటి అక్షరాల ముద్రలు వచ్చాయి. మార్క్ సిక్స్‌ను బ్రిటిష్ సైన్యం చేపట్టింది 1915లో. 1904కు ముందే పరీక్ష ముద్ర పడిన ఆయుధం 1915 నాటిది ఎలా అవుతుంది? 'వెబ్లీ' తరువాతి అక్షరాలు అరిగిపోయి ఫోటోలో కనబడకపోయినా, అచ్చులో 'ఫాస్' అన్నంతవరకు చదవవచ్చు. నేను పనిగట్టుకుని అచ్చులు తీసి పంపింది అందుకే.

ఇక 'ఆర్మీ' సంగతి. ఆ చోట పూర్తిగా ఉన్నది 'ఆర్మీ అండ్ నేవీ సి.ఎస్.ఎల్.' అని. అది లండన్‌లో 1871లో మొదలైన ఆర్మీ అండ్ నేవీ కోఆపరేటివ్ సొసైటీ లిమిటెడ్ పేరు. సైనికాధికారులు సొంత డబ్బుతో సరుకులు కొనుక్కునే దుకాణం. ఈ రివాల్వరును బ్రిటిష్ సైన్యం ఎన్నడూ అధికారికంగా తీసుకోలేదు. అధికారులు సొంతంగా కొనుక్కున్నదే. ప్రభుత్వ ఆస్తికి గుర్తుగా వేసే బాణం ముద్ర దీని మీద ఎక్కడా లేదు. కేవలం ఒక మాట చూసి సైన్యం ఆస్తి అని రాసేముందు ఆ ముద్ర ఉందో లేదో చూడడం మీ కనీస బాధ్యత కాదా?

మా ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగా మా ముత్తాతగారికి ఇచ్చిన 1931 నాటి లైసెన్సు నకలు కూడా జతపరిచాను. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినా, తరువాతి లైసెన్సులన్నిటిలో అదే పేరు, అదే నంబరు ఉన్నాయి. మీ నివేదికను ఇప్పుడు కలెక్టరు కార్యాలయంలో ఇస్తే, ఇన్నేళ్ల కాగితాలకూ చేతిలోని ఆయుధానికీ పొంతన లేదని తేలి, కేసు నామీదికి వస్తుంది.

కాబట్టి, పాత నివేదిక రద్దయినట్లు మీ సంస్థ ముద్రతో ఉత్తరం, అచ్చులన్నీ మళ్లీ పరిశీలించి రాసిన కొత్త నివేదిక 15 రోజులలో పంపాలని కోరుతున్నాను. గాడుల గురించి, ముద్రల గురించి మీకు భిన్నాభిప్రాయం ఉంటే, కారణాలతో సహా రాయండి. స్టేషనుకు వచ్చి కళ్లారా చూస్తామన్నా ఎస్సై గారితో మాట్లాడి ఏర్పాటు చేస్తాను. రెండూ చేయలేకపోతే నా రుసుమూ, నేను పంపిన పెన్సిలు అచ్చులూ తిరిగి ఇవ్వండి. గడువులోగా జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు ఈ లేఖ నకలుతోనే ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు

జతపరిచినవి: మీ నివేదిక నకలు, రుసుము రసీదు, 1931 నాటి లైసెన్సు నకలు, పరీక్ష ముద్రల అచ్చుల జిరాక్సులు.